పోర్ట్ లూయిస్: పదహారు మెట్ల నగరం

ఆఫ్రికా ఖండపు తూర్పు తీరానికి దాదాపు 2,000 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రం నడుమ మారిషస్ అనే ద్వీపదేశం ఉన్నది. ఆఫ్రికా సమాఖ్యలో సభ్యత్వం గల ఈ దేశానికి పోర్ట్ లూయిస్ రాజధాని. విశాఖపట్నంతో పోల్చినచో ఇది మిక్కిలి చిన్న నగరం. అయినను ఉత్తరాంధ్ర చరిత్రతో దీనికి దగ్గరి సంబంధం కలదు.

ఈ నగరం ద్వీపానికి వాయవ్య దిశలో ఉన్నది. వెనుక మోకా పర్వతశ్రేణి గోడవలె నిలిచి, ఆగ్నేయం నుండి వీచే బలమైన గాలులను అడ్డుకొంటుంది. అందులో ఒక శిఖరం పేరు 'లె పూస్'. ఫ్రెంచి భాషలో ఆ మాటకు బొటనవ్రేలు అని అర్థం. చూపునకు అది అట్లే ఉంటుంది. గాలి తాకిడి తక్కువగా ఉండుటచేతనే ఓడలకు ఇక్కడ రేవు ఏర్పడినది.

డచ్చివారు 1710లో విడిచిపోయిన ద్వీపాన్ని 1715లో ఫ్రెంచివారు ఆక్రమించి, రేవుకు తమ రాజు పదిహేనవ లూయీ పేరు పెట్టారు. 1735లో గవర్నరుగా వచ్చిన లాబూర్డొనే దానిని నగరంగా తీర్చిదిద్దాడు. ఆయన విగ్రహం నేటికీ రేవు ఎదుట ఉన్నది. రాళ్లు మోసినవారు మాత్రం ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుండి తెచ్చిన బానిసలు; వారితో పాటు పుదుచ్చేరి నుండి వచ్చిన పనివారు. వారి పేర్లు ఏ శిలపైనా కనిపించవు.

1810లో ద్వీపం ఆంగ్లేయుల వశమైనది. 1835లో బానిసత్వం రద్దుకాగా, చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చారు. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుండి 36 మంది కూలీలతో పోర్ట్ లూయిస్ చేరినది. వారు ఛోటానాగపూర్ ప్రాంతపు కొండవాసులు. అటుపిమ్మట 1910 వరకు 4,50,000 మందికి పైగా భారతీయులు ఒప్పందకూలీలుగా వచ్చారు. 1849లో వీరికొరకు కట్టిన విడిది నేడు 'ఆప్రవాసీ ఘాట్' అని పిలువబడుచున్నది. పడవ దిగినవారు పదహారు రాతిమెట్లెక్కి లోనికి పోవలెను. అక్కడ పేరు వ్రాసుకొని, ఒక సంఖ్య ఇచ్చి, తోటలకు పంపేవారు. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది.

వీరిలో తెలుగువారును కలరు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరున వారిని 'కోరంగీలు' అనేవారు. ఆనాటి విశాఖపట్టణం జిల్లా నుండియు పలువురు వెళ్లారు. కురుపాం, పార్వతీపురం ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. సింహాద్రి అప్పన్న పూజను, రామభజనను, అమ్మోరు పండుగను వారి సంతతి నేటికీ నిలుపుకొన్నది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మారిషస్‌లోనే జరిగాయి.

ఓడలు కూలీలనే కాక రోగాలనూ తెచ్చాయి. 1866 మొదలు రెండుమూడేండ్లు మలేరియా విజృంభించి, నగరంలో వేలాదిమంది మరణించారు. మన్యంలో కొండలకు వెళ్తే జ్వరం వచ్చునని మైదానవాసులు భయపడేవారు. అక్కడ విపరీతం: సంపన్నులు తీరాన్ని వదలి చల్లని క్యూరెపీప్ ఎత్తులకు తరలిపోయారు. పేదలకు ఆ అవకాశమెక్కడిది? 1869లో సూయెజ్ కాలువ తెరుచుకొనగా, రేవుకు వచ్చే ఓడలు కూడా తగ్గాయి.

1968 మార్చి 12న షాం ద మార్స్ మైదానంలో స్వతంత్ర మారిషస్ పతాకం ఎగిరినది. 1812 నుండి గుర్రపుపందేలకు ప్రసిద్ధమైన మైదానమిది. నేడు నగరంలో బ్యాంకులు, పాతకాలపు అంగడి, మసీదు, చీనావారి వీధి పక్కపక్కనే ఉన్నవి.

కూలీల దస్తావేజులు నగరానికి సమీపంలోని మోకాలో, మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నవి. చెవికి వినిపించినట్లు గుమాస్తాలు వ్రాసిన పేర్లు, సంఖ్యలు, 1860ల తరువాత వచ్చిన అనేకుల ఛాయాచిత్రాలు వాటిలో కలవు. ముత్తాతల ఊరిపేరు తెలుసుకొనుటకు మనుమలు, మునిమనుమలు అక్కడికి వస్తుంటారు.