రాయికి పక్కవెలుగు, పటానికి చీటీ

అమరావతి స్తూపం పలకలను 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చాడు. 1858లో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లిన్నెయస్ ట్రైప్ అక్కడి సెంట్రల్ మ్యూజియంలో వాటికి ఫొటోలు తీశాడు. మరుసటి ఏడాదే ఆ రాళ్లు ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. అక్కడ మూలనపడి ఉన్నవాటిని 1867లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వెతికి పట్టుకుని, పారిస్ ప్రదర్శన కోసం మళ్లీ ఫొటోలు తీయించాడు. తెలుగునేల శిల్పాలను మ్యూజియం గోడల మధ్య కెమెరాతో పట్టుకున్న తొలి సందర్భాల్లో ఇవి ముఖ్యమైనవి. ఒకే స్తూపం పలకలు నేడు చెన్నైలో కొన్ని, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో కొన్ని ఉన్నాయి. రాళ్లను ఒకచోటికి తెచ్చే దారి లేనప్పుడు వాటిని పక్కపక్కన పెట్టి పోల్చే వీలు ఫొటోలే ఇస్తాయి.

ఆ పని ఇప్పుడు ప్రతి సందర్శకుడి జేబులోని ఫోను చేయగలదు. ఉదాహరణకు విశాఖపట్నంలో గోపాలపట్నం నుంచి ఎన్ఏడీ కూడలి మీదుగా బీచ్ రోడ్డుకు చేరితే పాత డచ్చి బంగళాలో 1991లో తెరిచిన విశాఖ మ్యూజియం ఉంది. 2002 నుంచి ఒడ్డున నిలిచిన ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి కూడా ఆ రోడ్డులోనే ఉంది. అయితే ఇలాంటి చోట్ల తీసిన ఫొటోలు చాలావరకు పనికిరాకుండా పోతాయి. అవి మసకగా ఉండడం ఒక్కటే కారణం కాదు. ఏడాది తర్వాత చూస్తే ఆ వస్తువు ఏమిటో, ఎక్కడిదో తీసినవారికే గుర్తుండదు.

అందుకే మొదటి ఫొటో వస్తువుది కాకుండా దాని పక్కన అతికించిన చీటీది కావాలి. పేరు, కాలం, దొరికిన చోటు, నమోదు సంఖ్య ఆ చీటీలో ఉంటాయి. ఆ తర్వాత వస్తువు మొత్తం ఒకటి, దగ్గరి నుంచి ముఖ్యమైన భాగం మరొకటి, అది గదిలో ఎక్కడ ఎంత ఎత్తున ఉందో తెలిసేలా ఇంకొకటి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. దగ్గరి ఫొటోలో అరచేతంత బొమ్మకూ, నిలువెత్తు విగ్రహానికీ తేడా తెలియదు. పక్కన నిలబడ్డ మనిషో, తలుపో కనబడితేనే కొలత తెలుస్తుంది.

ఫ్లాష్ వాడకూడదన్న నియమం మ్యూజియంలన్నిటిలో దాదాపు ఒకటే. రాతికి, కంచుకు ఫ్లాష్ వల్ల హాని లేదు. కాగితం మీది నీటిరంగులు, అద్దకపు బట్టలు, తాళపత్రాలు మాత్రం వెలుగును తట్టుకోలేవు. వాటి మీద పడిన వెలుగు లెక్కంతా పోగవుతూ ఉంటుంది, పోయిన రంగు తిరిగి రాదు. అందుకే అలాంటి వస్తువులున్న గదుల్లో వెలుగును 50 లక్స్ దగ్గర ఉంచడం అలవాటు. తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ దాకా ఒప్పుకుంటారు. ఒక్క ఫ్లాష్ చేసే నష్టం చాలా చిన్నదే. కానీ రోజూ వందలమంది వచ్చే చోట ఏ వస్తువుకు ఫరవాలేదో, దేనికి కాదో కాపలాదారు ఒక్కొక్కరికీ చెప్పలేడు. ఫొటో పరంగా చూసినా ఫ్లాష్ చెరుపే. ఎదురుగా పడే వెలుగు నీడలన్నిటినీ తుడిచేస్తుంది, నీడ లేని శిల్పం చదునైన బిళ్లలా కనిపిస్తుంది.

శిల్పాన్ని చూపించేది పక్కవెలుగు. పలక మీద అర్ధశిల్పాలుగా చెక్కిన జాతక కథల్లో లోతు అంగుళాల్లోనే ఉంటుంది. వెలుగు రాతిని దాదాపు రాసుకుంటూ పక్క నుంచి వస్తే ప్రతి మడతకూ నీడ పడి, ఏనుగు తొండం, గుర్రం జూలు లేచి నిలబడతాయి. శాసనాలు చదివేవారికి ఈ సంగతి బాగా తెలుసు. మధ్యాహ్నపు ఎండలో కనబడని అక్షరం సాయంత్రపు ఏటవాలు వెలుగులో తేలుతుంది. గోపాలపట్నానికి ఆనుకుని ఉన్న సింహాచలం ఆలయంలో వందల శాసనాలున్నాయి. అక్కడ ఫోన్లకు, కెమెరాలకు అనుమతి లేదు. కానీ పొద్దు మారేకొద్దీ రాతి మీద నీడలు ఎలా కదులుతాయో అక్కడ చూసిన కన్ను మ్యూజియంలో తికమకపడదు. గదిలో దీపాన్ని మనం కదపలేం, మనమే కదలాలి. శిల్పం ఎదుట ఒక్కచోట నిలబడకుండా అర్ధచంద్రాకారంగా నడిస్తే నీడలు బాగా కుదిరే చోటు దొరుకుతుంది.

అమరావతి పలకలను ఇంగ్లీషువాళ్లు పాలరాళ్లన్నా, నిజానికి అవి పల్నాటి సున్నపురాళ్లు. లేత ఆకుపచ్చ, బూడిద కలిసిన తెల్లటి రాయి. ఎదుట ఉన్నదంతా మధ్యరకం ఛాయలోనిదేనని కెమెరా అనుకుంటుంది కాబట్టి తెల్లరాయిని మురికి రంగులో తీస్తుంది. ఫోను తెరమీద శిల్పాన్ని తాకి, వెలుగు గుర్తును కొద్దిగా పైకి జరిపితే రాయి అసలు రంగుకు వస్తుంది. నల్లరాతి విగ్రహానికి ఇదే తలకిందులు: గుర్తును కిందికి జరపాలి, లేకపోతే నల్లరాయి బూడిద రంగులోకి పోతుంది.

అద్దాల పెట్టెలో ఉన్న వస్తువు మరో చిక్కు. కిటికీ, దీపం, ఫొటో తీసేవారి తెల్లచొక్కా అన్నీ అద్దంలో కనిపిస్తాయి. కెమెరాకు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ ఈ మెరుపును తగ్గిస్తుందని అందరూ చెబుతారు కానీ, అద్దానికి సూటిగా ఎదురుగా నిలబడితే అది పెద్దగా పనిచేయదు. సూటి దిశ నుంచి దాదాపు 55 డిగ్రీలు పక్కకు జరిగితేనే దాని బలం తెలుస్తుంది. ఎదురుగానే తీయాలంటే లెన్సును అద్దానికి వీలైనంత దగ్గరగా, తగలకుండా పెట్టడం మేలు. ముదురురంగు బట్టలు వేసుకుని వెళ్లడం అన్నిటికన్నా చవకైన ఉపాయం.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దమే ప్రదర్శనలో భాగం. ఒకే చెక్కదుంగ నుంచి ఒకవైపు మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యాన్ని, మరోవైపు మార్గరెట్టా అనే యువతిని చెక్కిన 19వ శతాబ్దపు బొమ్మ వెనక నిలువుటద్దం ఉంటుంది. ముందు నుంచి చూసేవారికి రెండో ముఖం అద్దంలో కనబడుతుంది. ఫొటోలో చాలామందికి ఒక్క ముఖమే స్పష్టంగా వస్తుంది. కారణం తేలికైనదే: అద్దంలోని బొమ్మ అద్దం మీద ఉండదు, అద్దం వెనక అంతే దూరంలో ఉన్నట్టు లెక్క. రెండూ ఒకేసారి స్పష్టంగా రావాలంటే కొంచెం వెనక్కి జరిగి, పెద్ద కెమెరా అయితే లెన్సు రంధ్రాన్ని చిన్నది చేయాలి. అదే మ్యూజియంలో శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన ముసుగు రెబెక్కా విగ్రహం ఉంది. పాలరాతిలో పలచటి మేలిముసుగు, దాని వెనక ముఖం. వెలుగు కాస్త ఎక్కువైతే ముసుగు మడతలన్నీ తెల్లటి మరకగా కలిసిపోతాయి. ఇక్కడ మాత్రం తెల్లరాయి కదా అని వెలుగు పెంచడం పొరపాటు.

కుర్సురా లోపల కథ వేరు. దాదాపు 91 మీటర్ల పొడవున్న ఆ జలాంతర్గామి సోవియట్ నిర్మాణం. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. గుండ్రటి ఇరుకు ద్వారాల్లోంచి వంగి దాటాలి, వెనక జనం తోసుకొస్తూ ఉంటారు. ఇలాంటి చోట వెడల్పు లెన్సు తప్పదు, కానీ అది అంచుల్లోని మనుషులను సాగదీస్తుంది కాబట్టి మనిషిని మధ్యలో ఉంచాలి. గుండ్రటి ద్వారాన్నే చట్రంగా పెట్టి అవతలి గదిని తీస్తే ఆ ఇరుకు చూసేవారికి తెలుస్తుంది. ట్రైపాడ్ పట్టే చోటు ఉండదు. మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టుకోవడమే దారి.

కట్టడాన్ని తీసేటప్పుడు అందరూ చేసే తప్పు ఫోనును పైకి వంచడం. అలా చేస్తే గోడలు పైన దగ్గరపడి భవనం వెనక్కి వాలినట్టుంటుంది. ఫోనును నిటారుగా పట్టుకుని, వెనక్కి నడిచి తీయాలి; నేల ఎక్కువ వచ్చినా సరే, తర్వాత కత్తిరించుకోవచ్చు. విజయవాడలో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరున 1887లో కట్టిన భవనం, నేటి బాపు మ్యూజియం, ఇందుకు మంచి సాధన. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించింది ఆ ప్రాంగణంలోనే. నాగార్జునకొండ మ్యూజియాన్ని బౌద్ధ విహారం తీరులో కట్టారు. చుట్టూ జలాశయం ఉంది కాబట్టి నీటితో కలిపి తీస్తేనే అది ఎక్కడుందో అర్థమవుతుంది. విశాఖలో సముద్రం వైపున్న గోడలకు ఉదయపు ఎండ మంచిది. ఉప్పుగాలికి లెన్సు మీద పొర కడుతుంది. మెత్తటి గుడ్డతో తుడవకపోతే ఫొటో అంతా పొగమంచులా వస్తుంది. ఏసీ గదిలోంచి చల్లబడ్డ కెమెరాను ఒక్కసారిగా బయటికి తెచ్చినా లెన్సు మీద చెమట పడుతుంది. దాన్ని కాసేపు సంచిలోనే ఉంచాలి.

తీసిన ఫొటోను అచ్చువేయడం, అమ్మడం వేరే సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కట్టడాల ఫొటోలకు, జనం వెళ్లగలిగే చోట శాశ్వతంగా నిలిపిన శిల్పాల ఫొటోలకు మినహాయింపు ఉంది. వర్ణచిత్రాలకు ఆ శిల్పాల మినహాయింపు వర్తించదు. చిత్రకారుడు చనిపోయాక 60 ఏళ్ల దాకా హక్కు నడుస్తుంది. 1906లో కన్నుమూసిన రవివర్మ చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది, నేటి చిత్రకారుల పటాలకు తీరలేదు. దీనికి తోడు ప్రతి మ్యూజియానికీ సొంత నియమాలు, చాలాచోట్ల కెమెరాకు విడి టికెట్టు ఉంటాయి. ట్రైపాడ్‌కు, వ్యాపార చిత్రీకరణకు ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

ఇంటికి వచ్చాక ఫొటోల పేర్లలో మ్యూజియం, తేదీ, నమోదు సంఖ్య చేర్చి, చీటీ ఫొటోను వస్తువు ఫొటోకు ముందే ఉంచాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి చీటీలోని అక్షరాలు చెదిరిపోతాయి కాబట్టి, అసలు ఫైలును విడిగా దాచుకోవాలి.