మొక్కుబడి నుంచి పర్యాటక ఉత్సవం దాకా: వెనిస్‌లో రెదెంతోరె పండుగ

పరిచయం

మత సంప్రదాయాలను చూడటానికి చేసే ప్రయాణాలను సాంస్కృతిక పర్యాటకంలో ఒక ముఖ్య విభాగంగా పరిగణిస్తారు. ఇటువంటి ప్రయాణంలో సందర్శకుడు వేడుకను మాత్రమే చూస్తాడా, దాని వెనుక ఉన్న చరిత్రను కూడా గ్రహిస్తాడా అనేది ప్రధానమైన ప్రశ్న. ఇటలీలోని వెనిస్ నగరంలో ఏటా జులై నెల మూడో ఆదివారం జరిగే రెదెంతోరె పండుగను ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం. ఇటాలియన్ భాషలో 'రెదెంతోరె' అంటే విమోచకుడు, అంటే క్రీస్తు.

చారిత్రక నేపథ్యం

1575-77 మధ్య వెనిస్‌ను ప్లేగు వ్యాధి కబళించింది. నగర జనాభాలో నాలుగో వంతుకు పైగా మరణించారు. వైద్యం ఫలించని ఆ స్థితిలో, 1576లో నగర సెనేట్ ఒక మొక్కు మొక్కింది. తెగులు తొలగితే క్రీస్తు పేరిట దేవాలయం కట్టిస్తామనీ, పాలకులు ఏటా అక్కడికి ఊరేగింపుగా వెళతారనీ దాని సారాంశం. జుదెక్కా ద్వీపంలో నిర్మించిన ఈ దేవాలయానికి ప్రసిద్ధ వాస్తుశిల్పి ఆంద్రియా పల్లాదియో రూపకల్పన చేశాడు. 1577లో పునాదిరాయి వేశారు. 1580లో పల్లాదియో మరణించాడు. నిర్మాణం పూర్తయి 1592లో దేవాలయ ప్రతిష్ఠ జరిగింది.

నేటి ఆచరణ

దేవాలయం ద్వీపంలో ఉంది కాబట్టి ఊరేగింపు వెళ్లడానికి పూర్వం పడవలను వరుసగా కట్టి వంతెన వేసేవారు. నేటికీ పండుగ కోసం జత్తెరె తీరం నుంచి దేవాలయం దాకా తాత్కాలికంగా తేలే వంతెన వేస్తారు. శనివారం సాయంత్రం స్థానికులు పడవలను దీపాలతో అలంకరించి, వాటిలోనే కుటుంబసమేతంగా భోజనం చేస్తారు. రాత్రి బాణసంచా కాలుస్తారు. ఆదివారం పడవ పందేలు, దేవాలయంలో ప్రార్థన జరుగుతాయి.

సందర్శకుడు గ్రహించవలసినది

చాలామంది సందర్శకులు బాణసంచా చూసి శనివారం రాత్రే వెళ్లిపోతారు. నిజానికి మొక్కు చెల్లించేది ఆదివారం. వంతెన మీద నడిచి, భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులతో నిశ్శబ్దంగా దేవాలయంలో ప్రవేశించినవారికి పండుగ అసలు రూపం తెలుస్తుంది. కోవిడ్ కారణంగా 2020లో బాణసంచాను రద్దు చేశారు. ఒక అంటువ్యాధి నుంచి పుట్టిన పండుగను మరొక అంటువ్యాధి కుదించడం గమనార్హం.

మరోవైపు, సందర్శకుల తాకిడి వెనిస్‌కు పెద్ద సమస్య. అందుకే 2024లో కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో, ఒక్కపూట వచ్చిపోయేవారి నుంచి 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేశారు. పర్యాటకం పండుగకు ఆదాయం, ప్రచారం తెస్తుంది. అయితే స్థానికులు తమ ఊరి పండుగలో తామే పక్కకు జరగవలసిన పరిస్థితి వస్తే, మిగిలేది ప్రదర్శన మాత్రమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రెదెంతోరె పండుగ పుట్టుకకు దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. తాత్కాలిక వంతెనకు ఈ పండుగలో గల ప్రాధాన్యం ఏమిటి?
3. మీరు ఎరిగిన ఒక జాతరలో మొక్కుబడి, పర్యాటకం మధ్య గల సంబంధాన్ని 10 వాక్యాలలో చర్చించండి.