దుబాసి మనస్సు

ఇరువురి నడుమ నిలిచి, ఒకరి మాటను మఱియొకరి భాషలో తెలియజెప్పువారిని మనవారు దుబాసు లందురు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ఈ కొలువు చేసి, 1830-31 సంవత్సరములలో కాశీయాత్ర సలిపి ఆ చరిత్రమును వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారును, ఆ నగరముననే సదరు అదాలతు కోర్టులో 1815 మొదలు 1829 వఱకు దుబాసిగా నుండిన వెన్నెలకంటి సుబ్బారావుగారును ఈ విద్యయందు పేరొందిన ఆంధ్రులు. ఈ వృత్తికి భాషలు వచ్చిన చాలునని తలంతుము. కాని తన మనస్సు ఎటు మొగ్గుచున్నదో ఎఱుగని దుబాసి, ఎన్ని భాషలు వచ్చినను న్యాయము చేయజాలడు. ఈ సంగతి నా తప్పువలననే నేను నేర్చితిని.

మా పల్నాటిలో మాచర్ల, గురజాల ప్రాంతముల సుగాలీ తండాలు కలవు. వారి లంబాడీ భాష తెలుగువలె ద్రావిడభాష కాదు. ఉత్తరదేశపు భాషలకు చుట్టము. తెలుగున తమ బాధ విప్పి చెప్పుకొనలేని వృద్ధస్త్రీలు వారిలో నుందురు. బాల్యమున తండా చెంతనే పెరుగుటచే నాకు ఆ భాష కొంత వచ్చును. ఒకనాడొక వైద్యశాలలో, జ్వరముతో వచ్చిన సుగాలీ ముదుసలికి నేను దుబాసి నైతిని. "ఇన్నాళ్లు ఏల రాలే?"దని వైద్యు డడిగెను. ఆమె చాలసేపు చెప్పినదానిని నేను "ఆకుపసరు త్రాగి ఊరకున్నదట" అని ముగించితిని. వైద్యుడు ఆమెను మందలించి, బజారులో కొనవలసిన మందులు వ్రాసియిచ్చెను.

బయటికి రాగానే ఆమె ఆ చీటీతోపాటు తన వట్టి డబ్బుసంచిని నాకు చూపినది. అప్పుడుగాని ఆమె మాటలు నాకు జ్ఞప్తికి రాలేదు. కూలిడబ్బు అందువఱకు బస్సు ఛార్జీకి లేదనియు, అందాక పసరు త్రాగితిననియు ఆమె చెప్పినది. నే నబద్ధ మాడలేదు. పసరు మాట నిజమే. కాని తండావారికి పసరులమీదనే నమ్మకమను నా తలపు ఆమె లేమిని మ్రింగివేసినది. సిగ్గుతో లోనికి మరలిపోయి నా తప్పు చెప్పుకొంటిని. వైద్యుడు అక్కడనే దొరకు మందు లిప్పించెను.

తెలుగున మఱియొక చిక్కు గలదు. ఇంగ్లీషున ఎదుటివా రెవరైనను సంబోధించు మాట ఒక్కటే; మనకు నీవు, మీరు, తమరు అని మెట్లున్నవి. న్యాయవాది అడిగిన ఒకే ప్రశ్నను భూస్వామితో "మీరు చూచితిరా?" అనియు, కూలివానితో "నీవు చూచితివా?" అనియు దుబాసి పలికినచో, తీర్పునకు ముందే ఒకరిని తగ్గించినట్లు కాదా?

1969 నాటి ప్రమాణముల చట్టమునుబట్టి న్యాయస్థానమున సాక్షులవలెనే దుబాసులును ప్రమాణము చేయవలయును. ఆ ప్రమాణమునకు అభ్యాసము తోడు కావలయును. "ఆమెకు జ్వరమట" అనక, "నాకు జ్వరము వచ్చినది" అని ఆమె మాటను ఆమె మాటగనే పలుకవలయును. అందఱియెడ ఒకే మన్నన చూపవలయును. పొడుగు మాటను కుదింపరాదు. బోధపడనిచో మరల అడుగవలయును. చుట్టములకో పగవారికో దుబాసి కావలసివచ్చినచో ఆ సంగతి ముందే చెప్పి తప్పుకొనవలయును. పని ముగిసిన పిదప "ఎవరి మాటకు విసిగితిని? ఎవరి మాటను విడిచితిని?" అని తన్ను తానే ప్రశ్నించుకొనవలయును.

సోదరీమణులారా! అత్తగారి మాట కోడలికి, బిడ్డ మాట తండ్రికి చేరవేయు మనమందఱమును ఇంట దుబాసులమే. మాటను చేరవేయునపుడు మన తలపును అందు కలుపకుందుము గాక!