విదేశీ సొమ్ము ఆగితే హెచ్.ఐ.వి. మందులు ఆగుతాయా?

2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని 90 రోజులపాటు నిలిపివేసింది. ఆ సొమ్ముతో హైదరాబాదులో నడుస్తున్న ట్రాన్స్‌జెండర్ల 'మిత్ర్' క్లినిక్ మూతపడింది. ఇలాంటి వార్త వింటే "మన మందులూ ఆగిపోతాయేమో" అని భయం కలగడం సహజం. అసలు సంగతి తెలుసుకుందాం.

మందులు ఎవరిస్తున్నారు?
2004 ఏప్రిల్ 1న ప్రభుత్వాసుపత్రులలో ఉచిత ఎ.ఆర్.టి. మొదలైంది. 2021-26 కాలానికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమానికి కేంద్ర ప్రభుత్వమే 15,471.94 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. విదేశీ దాతల సాయం నివారణకు, ప్రచారానికి కూడా ఉపయోగపడింది. 2003లో గేట్స్ ఫౌండేషన్ ప్రారంభించిన 'ఆవాహన్' ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో పనిచేసి, తరువాత ఆ పనులను ప్రభుత్వానికి అప్పగించింది.

మన పేర్లు విదేశాలకు వెళతాయా?
దాతలకు లెక్క చెప్పడానికి సంఖ్యలు చాలు, పేర్లు అక్కరలేదు. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం మీ అంగీకారం లేకుండా మీ హెచ్.ఐ.వి. స్థితిని బయటపెట్టరాదు. దాతలకు పంపాలని ఎవరైనా ఫోటో అడిగితే కాదనవచ్చు. ప్రాజెక్టు పేరు రాసిన జీపు మీ ఇంటి ముందు ఆగడం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పండి.

మీరు చేయవలసినది
పుకార్లు విని మందు మానకండి. మానితే వైరస్ మళ్ళీ పెరుగుతుంది, మందుకు లొంగకుండా పోవచ్చు. మిరప కోతలకు, పత్తి తీతకు పొరుగూరు వెళ్ళేవారు ముందుగానే ఎ.ఆర్.టి. కేంద్రంలో చెప్పి సరిపడా మందులు తీసుకోండి. సందేహముంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయండి.