మద్రాసు రైలెక్కే ముందు

సూళ్లూరుపేటలో పొద్దున్నే మద్రాసు లోకల్ ఎక్కేవాళ్లలో కొందరిని చూడగానే గుర్తుపట్టొచ్చు. చేతిలో పాలిథిన్ సంచి, అందులో ఎక్స్‌రే ఫిల్ములు, మడతల దగ్గర చిరుగుతున్న పాత చీటీలు, సగం వాడిన మాత్రల అట్టలు. సుమారు 80 కిలోమీటర్లు పోయి సెంట్రల్‌లో దిగితే ఎదురుగానే జనరల్ ఆసుపత్రి. నెల్లూరికి పోయినా, తిరుపతికి పోయినా దూరం ఇంచుమించు అంతే. పులికాట్‌లోని ఇరకం దీవి వాళ్లకైతే బస్సు కంటే ముందు పడవ దొరకాలి. రోగి కూలి పోతుంది, తోడొచ్చిన మనిషి కూలీ పోతుంది. ఇంతా చేసి డాక్టరుతో మాట్లాడేది అయిదు నిమిషాలు.

ఆ అయిదు నిమిషాల్లో చాలాసార్లు జరిగేది ఒక్కటే. పెద్ద డాక్టరు కాగితాలు చూసి తన అభిప్రాయం చెబుతారు. కంప్యూటర్లు వైద్యంలోకి వచ్చి చేస్తున్న అసలు పని ఇక్కడే ఉంది: రోగి ఊళ్లోనే ఉంటాడు, కాగితం ప్రయాణం చేస్తుంది. కడుపు నొక్కి చూడటం, కుట్లు వేయడం, సూది గుచ్చడం మాత్రం ప్రయాణం చేయవు. వాటికి రోగి పక్కన ఒక మనిషి ఉండి తీరాలి. దూరం నుంచే వైద్యం చేసే ఈ టెలిమెడిసిన్‌ను మెచ్చుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ ఈ రెండో సంగతే మరిచిపోతుంటారు.

మన దేశంలో ఈ పద్ధతిని తొలినాళ్లలోనే పరీక్షించి చూసిన ఊరు మనకు పరాయిది కాదు. చిత్తూరు జిల్లా అరగొండ. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు. అక్కడి చిన్న ఆసుపత్రిని మద్రాసులోని పెద్ద ఆసుపత్రితో కలిపే టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న, హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. గొడుగంత డిష్ యాంటెనాలతో ఉపగ్రహ సంబంధం కల్పించింది ఇస్రో. ఉపగ్రహం ఉండేది 36,000 కిలోమీటర్ల పైన. అరగొండలో అడిగిన ప్రశ్న పైకి పోయి మద్రాసులో దిగాలి, జవాబు మళ్లీ అదే దారిన రావాలి. ఎంత వేగంగా పోయినా అర సెకను ఆలస్యం తప్పదు. అలవాటు లేనివాళ్లు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడేది అందుకే.

మనూరి వాళ్లకు ఉపగ్రహం అనగానే పులికాట్ అవతలి రాకెట్ కేంద్రం షార్ గుర్తుకొస్తుంది. చదువుల కోసమే తయారైన ఎడ్యుశాట్ ఇక్కడి నుంచే, 2004 సెప్టెంబరు 20న జీఎస్ఎల్‌వీ మీద పైకి వెళ్లింది. తరగతి గదిని ఆకాశం ద్వారా ఊళ్లకు చేర్చాలన్నది దాని ఉద్దేశం. రాకెట్టు పొగ మన డాబాల మీద నుంచి కనిపించినంత మాత్రాన గుండె డాక్టరు మన ఊరికి దగ్గరైనట్టు కాదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు డిష్షుల అవసరం పెద్దగా లేదు, ఫోన్ సిగ్నల్ చాలు. కేంద్ర ప్రభుత్వపు టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిని 2019 నవంబరులో ముందుగా అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో బీఎస్సీ నర్సింగ్ చదివి, అదనంగా శిక్షణ పొందిన, ఎంఎల్‌హెచ్‌పీ అనే నర్సు ఉంటారు. ఆమె బీపీ, షుగర్ చూసి, వివరాలు కంప్యూటర్లో ఎక్కించి, దూరాన ఉన్న డాక్టరును తెర మీదికి పిలుస్తారు. డాక్టరు రాసిన చీటీ ఇక్కడే చేతికొస్తుంది. 2023 ఫిబ్రవరికి దేశం మొత్తం మీద ఇలాంటి సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. అందులో మన రాష్ట్రానివే 3 కోట్లకు పైగా. బీపీ, షుగర్ మందుల కోసం నెలనెలా తిరిగేవాళ్లకు ఇది నిజంగా మేలు.

ఈ పద్ధతి సత్తా ఏమిటో, ఎక్కడ తేలిపోతుందో రెండూ ఒకేచోట కనబడేది గుండెపోటులో. 2023లో రాష్ట్ర ప్రభుత్వం తిరుపతి, గుంటూరు, కర్నూలు, విశాఖ పెద్దాసుపత్రులు కేంద్రాలుగా స్టెమీ అనే గుండెపోటు చికిత్స కార్యక్రమం మొదలుపెట్టింది. ఛాతీ నొప్పితో చిన్న ఆసుపత్రికి వచ్చిన మనిషికి వెంటనే ఈసీజీ తీస్తారు. అది ఇంటర్నెట్ ద్వారా పెద్దాసుపత్రి గుండె డాక్టరుకు చేరుతుంది. రక్తనాళం మూసుకుపోయిందని ఆయన నిర్ధారిస్తే, గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇస్తారు. బయట కొంటే వేలల్లో పడే మందు ఉచితం. రోగిని పెద్దాసుపత్రికి పంపేది ఆ తర్వాత. గుండె కండరం నిమిషాల లెక్కన చచ్చిపోతుంటుంది కాబట్టి, తిరుపతి రోడ్డు మీద పోయే రెండు గంటలు ఇలా మిగలడం చిన్న విషయం కాదు.

కానీ ఆ ఈసీజీ తీసింది ఎవరు? ఛాతీ మీద పెట్టే మొదటి రెండు ఎలక్ట్రోడ్లు రొమ్ము ఎముకకు చెరో పక్క, నాలుగో పక్కటెముక కింది సందులో ఉండాలి. హడావుడిలో వాటిని కాస్త పైన అతికించడం మామూలు పొరపాటు. అలా పెడితే ఎప్పుడూ రాని గుండెపోటు తాలూకు పాత గుర్తులు కాగితం మీద కనిపించొచ్చు. కుడి చేతి తీగ, ఎడమ చేతి తీగ తారుమారైతే గీత తలకిందులవుతుంది. ఇంజెక్షన్ ఇచ్చే ముందు ఈ మధ్య ఆపరేషన్ జరిగిందా, మెదడులో రక్తస్రావం ఎప్పుడైనా అయిందా అని అడిగి తెలుసుకోవాల్సిందీ పక్కనున్న మనిషే. తిరుపతిలో ఎంత గొప్ప డాక్టరు కూర్చున్నా, ఆయన చూసేది ఈ చివర నుంచి పంపిన గీతనే.

అందుకే శిక్షణ సంగతి రావాలి. 2019 నుంచి మారిన ఎంబీబీఎస్ పాఠ్యక్రమం ప్రకారం మెడికల్ కాలేజీల్లో స్కిల్ ల్యాబ్‌లు ఉండాలి. అక్కడ ప్లాస్టిక్ బొమ్మ ఛాతీ మీద విద్యార్థి సీపీఆర్ చేస్తుంటే లోపలి సెన్సర్లు లెక్క కడతాయి: 5 సెంటీమీటర్లు దిగిందా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాడా అని. తప్పు చేస్తే బొమ్మకు ప్రాణం పోదు, మళ్లీ చేయొచ్చు. నెల్లూరు, తిరుపతి కాలేజీ కుర్రాళ్లకు ఎంత అవసరమో, పల్లెలో ఒంటరిగా కేంద్రం నడిపే నర్సుకు, ఏఎన్ఎంకు ఆ బొమ్మ అంతకంటే ఎక్కువ అవసరం. కొత్త ట్యాబ్‌లు కొనడానికి చూపించే ఉత్సాహం వాళ్లకు ఏటేటా మళ్లీ శిక్షణ ఇవ్వడంలో చూపించాలన్నది నా అభిప్రాయం.

కృత్రిమ మేధ గురించి ఒక్క మాట. ఛాతీ ఎక్స్‌రే చూసి క్షయ అనుమానం ఉందా లేదా చెప్పే సాఫ్ట్‌వేర్లను 15 ఏళ్లు దాటినవారికి వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అది చెప్పేది అనుమానమే. తేల్చేది కళ్లె పరీక్ష.

ఇక మీ సంగతి. తెర మీద డాక్టరుతో మాట్లాడినా, ఫోన్లో మాట్లాడినా, 2020 మార్చి 25 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం చీటీ మీద ఆయన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. లేకపోతే అడగండి. మత్తుకు సంబంధించిన మందులు ఇలా రాయకూడదు. ఆరోగ్య వివరాలన్నీ ఒకచోట ఉంచే 14 అంకెల ఆభా నంబరు తీసుకుంటే మంచిదే గానీ, పాలిథిన్ సంచిని మాత్రం అప్పుడే పారేయకండి. ఆసుపత్రి వాళ్లు వివరాలు ఎక్కిస్తేనే ఆ నంబరు వెనక ఏమైనా ఉంటుంది. ఛాతీ పట్టేసినట్టు నొప్పొచ్చి చెమటలు పడితే యాప్‌లు వెతకొద్దు, మద్రాసు రైలు కోసమూ చూడొద్దు. 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి.