శంషాబాద్ నుంచి కిలోకి ఎంత?

శంషాబాద్ విమానాశ్రయం కార్గో టెర్మినల్‌కు 120 సెంటీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 80 ఎత్తున్న మందుల పెట్టె ఒకటి వచ్చిందనుకుందాం. కాటా మీద 110 కిలోలు తూగింది. ఎయిర్‌లైన్ మాత్రం 160 కిలోలకు చార్జీ వేస్తుంది. మూడు కొలతలనూ గుణించి 6,000తో భాగిస్తే వచ్చే అంకె అది. కాటా బరువు, ఈ లెక్క బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన మందులకు థర్మోకోల్, జెల్ ప్యాక్‌లు చుట్టేకొద్దీ పెట్టె పెద్దదవుతుంది, బిల్లూ పెరుగుతుంది. ఇక్కడ అమ్ముడుపోయేది చోటు. ఫ్రైట్ సూచీలు చెప్పేది కూడా ఆ చోటు ధరే. ఎంత సరుకు కదిలిందో వాటిని చూసి చెప్పలేం.

వార్తల్లో తరచూ వినిపించే బాల్టిక్ డ్రై ఇండెక్స్ లండన్‌లోని బాల్టిక్ ఎక్స్ఛేంజ్ ప్రకటించేది. బొగ్గు, ఇనుప ఖనిజం, ధాన్యం మోసే ఓడల కిరాయిల లెక్క అది. 2008 మే 20న 11,793 ఉన్న ఈ సూచీ డిసెంబరు 5కల్లా 663కి పడింది. ఏడు నెలలు తిరక్కుండానే 94 శాతం పోయింది. ప్రపంచ వాణిజ్యం అంత పడలేదు. కొత్త ఓడ కట్టాలంటే రెండు మూడేళ్లు పడుతుంది, కట్టిన ఓడను ఊరికే నిలబెట్టినా ఖర్చు తప్పదు. అందుకే గిరాకీ కాస్త పెరిగితే చోటు దొరక్క కిరాయి ఎగురుతుంది, కాస్త తగ్గితే ఓడల యజమానులు పోటీపడి తగ్గిస్తారు. ఆ ఏడాది బ్యాంకుల సంక్షోభం దీనికి తోడైంది. గంగవరం, విశాఖ రేవుల్లో బొగ్గు దించుకునేవారికి ఈ సూచీ ముఖ్యం. మందులు ఎగుమతి చేసేవారికి దీంతో నేరుగా పని లేదు.

కంటైనర్లకు డ్రూరీ అనే సంస్థ ప్రకటించే సూచీ ఉంది. ఎనిమిది ప్రధాన మార్గాల్లో 40 అడుగుల పెట్టెకు అయ్యే చార్జీల సగటు అది. 2019లో 1,420 డాలర్లున్నది 2021 సెప్టెంబరులో 10,377కి చేరింది. పెట్టెలో 20 టన్నులు సర్దితే ఆ పరాకాష్ఠలోనూ కిలోకి అర డాలరే. అదే ఏడాది చివర హాంకాంగ్ నుంచి ఉత్తర అమెరికాకు విమాన చార్జీ కిలోకి 12 డాలర్లు దాటింది.

విమాన చార్జీ అంతగా ఎందుకు పెరిగిందో తెలియాలంటే ప్రయాణికుల విమానం పొట్టలోకి చూడాలి. కోవిడ్‌కు ముందు ప్రపంచ విమాన సరుకులో దాదాపు సగం మన సూట్‌కేసుల పక్కనే, ఆ బెల్లీలోనే వెళ్లేది. 2020 మార్చిలో ఆగిన రెగ్యులర్ అంతర్జాతీయ సర్వీసులు మన దేశంలో 2022 మార్చి 27న గానీ మళ్లీ మొదలవలేదు. మందులకు గిరాకీ ఉంది, పంపడానికి చోటు లేదు. 2021 జూన్ 1న 30 లక్షల స్పుత్నిక్ కోవిడ్ టీకా డోసులు, మొత్తం 56.6 టన్నులు, శంషాబాద్‌కు వచ్చింది ప్రత్యేకంగా మాట్లాడుకున్న సరుకు విమానంలోనే.

సముద్రంలో ఇబ్బంది వచ్చినా ఆ సెగ శంషాబాద్‌కు తగులుతుంది. 2023 నవంబరు నుంచి ఎర్రసముద్రంలో యెమెన్ హౌతీ తిరుగుబాటుదారుల దాడులతో ఓడలు సూయజ్ కాలువను వదిలి ఆఫ్రికా చుట్టూ తిరగసాగాయి. ప్రయాణం పది రోజులకు పైగా పెరిగింది. ఉన్న ఓడలే ఏడాదికి తక్కువ ట్రిప్పులు వేస్తే చోటు తగ్గినట్టే. డ్రూరీ సూచీ 2024 జులైలో 5,900 డాలర్లు దాటింది. అన్నాళ్లు ఆగలేని సరుకు విమానం వైపు మళ్లుతుంది, అక్కడా రేటు బిగుస్తుంది.

కాబట్టి ముంబయి దగ్గరి నావా షేవా రేవు మీదుగా పంపేవారు కంటైనర్ సూచీని చూసుకోవాలి. శంషాబాద్ నుంచి పంపేవారు దాంతో పాటు విమానాల టైంటేబుల్‌నూ చూడాలి. అది మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో మారుతుంది. గల్ఫ్‌కో యూరప్‌కో వెళ్లే పెద్ద విమానం ఒక్కటి తగ్గినా రోజుకు టన్నులకొద్దీ చోటు పోతుంది. సరుకు పంపే ఏజెంటు (ఫార్వర్డర్) చెప్పే రేటులో ఇంధన సర్‌చార్జి కలిసిందా, ఆ రేటు ఏ తేదీ దాకా నిలుస్తుంది అన్నవి అప్పుడే రాతపూర్వకంగా తీసుకోవాలి.