బావ అన్నాక మాట పడాల్సిందే

2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ఎన్నికల ఫలితాలు వచ్చాక చాలా ఊళ్ళలో టీ కొట్టు దగ్గర ‘పదకొండు’ అంటే చాలు, పక్కన ఎవరో ఒకరు నవ్వేవారు. 175 స్థానాల్లో వైసీపీకి దక్కినవి 11. అయిదేళ్ళ కిందట నవ్వింది వైసీపీ వాళ్ళు. 2019లో ఆ పార్టీ 151 గెలిచి, టీడీపీని 23 దగ్గర ఆపేసింది. అప్పుడు ఓట్లు లెక్కపెట్టిన తేదీ కూడా మే 23 కావడంతో వేళాకోళానికి ఇంకాస్త ఊతం దొరికింది.

“ఏం బావా, పదకొండు టీలు చెప్పమంటావా?”

“చెప్పవోయ్ చెప్పు. నువ్వు ఇరవై మూడు తాగిన రోజు డబ్బులు నేను కట్టలేదూ?”

గోదావరి జిల్లాల్లో ఏ సెంటర్లో నిలబడినా ఇలాంటి మాట చెవిన పడుతుంది. అన్నవాడు ఒక పార్టీ, పడ్డవాడు ఇంకో పార్టీ. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. మర్నాడు ఒకరి చేలో దమ్ము చెయ్యడానికి వెళ్ళేది రెండోవాడి ట్రాక్టరే. పంట కాలవ మీద వంతు నీళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు పెట్టుకోవాలి. అందుకే మాట ఎంత ఘాటుగా ఉన్నా, అవతలివాడు లేచి వెళ్ళిపోయేంత దూరం పోనివ్వరు. ఎక్కడ ఆపాలో తెలియడం ఇక్కడ పెద్ద నేర్పు. ఊరి రాజకీయ చర్చల్ని కాలక్షేపమని తీసిపారేసేవాళ్ళు ఈ నేర్పును గమనించరు.

దీనికి ఆధారం వరస. తెలుగు ఊళ్ళలో రక్తసంబంధం లేకపోయినా, చాలాచోట్ల కులం వేరైనా, వరస పెట్టి పిలుచుకుంటారు. ఎవరిని ఎంతవరకు అనవచ్చో ఆ పిలుపే చెప్పేస్తుంది. బావనైతే అతని నాయకుణ్ణి, పార్టీని, చివరికి అతను ఓటు వెయ్యడానికి వేసుకెళ్ళిన చొక్కానూ వదలక్కర్లేదు. బాబాయి దగ్గర అలా కుదరదు. బాబాయి పార్టీని తిట్టవచ్చు గానీ “నీకేం తెలుసు” అనకూడదు. తాత వరస వాళ్ళకు మనవల్ని ఏమైనా అనే హక్కుంది, మనవలకూ కాస్త చనువుంది. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1940లో పరిహాసపు బంధుత్వాల మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. పెళ్ళితో కలిసిన రెండు కుటుంబాల మధ్య దగ్గరితనమూ ఉంటుంది, పడకపోవడమూ ఉంటుంది. కోపం తెచ్చుకోకూడదన్న కట్టుబాటుతో ఒకరినొకరు ఆటపట్టించుకోవడం వల్ల ఆ రెండూ కలిసి మనగలుగుతాయని అతని వివరణ. అతను తీసుకున్న ఉదాహరణలు ఎక్కువగా ఆఫ్రికావి. పెళ్ళి పందిట్లో వియ్యాలవారి మీద కట్టిన పాటలు విన్న తెలుగువాళ్ళకు మాత్రం ఇది ఇంట్లో సంగతే.

తెలంగాణ పల్లెల్లో అడిగే తీరు వేరు. “ఏం కాకా, గాలెటుంది?” అంటారు. ఎవరికి ఓటేశావని నేరుగా అడగరు. కొత్తగా ఊరికొచ్చినవాడో పట్నం కుర్రాడో తెలియక అడిగితే “గాలెటుంటె గటే” అన్న జవాబొస్తుంది, అందరూ నవ్వుతారు, ఓటు రహస్యం ఓటు రహస్యంగానే ఉండిపోతుంది. చట్టంలో రాసిన రహస్య ఓటును నిజంగా కాపాడేది ఈ మర్యాదే.

మాటతో తృప్తి పడనివాళ్ళు పందెం దాకా వెళతారు. సగం మీసం, గుండు పాతకాలం నుంచీ ఉన్నవే. 2024లో పిఠాపురంలో పవన్ కల్యాణ్‌ను ఓడించలేకపోతే పేరు మార్చుకుంటానని వైసీపీ నాయకుడు ముద్రగడ పద్మనాభం బహిరంగంగా సవాలు చేశారు. పవన్ 70 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. ముద్రగడ మాట నిలబెట్టుకుని అధికారికంగా పద్మనాభ రెడ్డిగా పేరు మార్పించుకున్నారు. ఊళ్ళో అరుగు మీద నడిచే రివాజు రాష్ట్రస్థాయికి చేరిన సందర్భమది. డబ్బు పందేల సంగతి మాత్రం వేరు. గెలుపోటముల మీద లక్షలు ఒడ్డి అప్పులపాలైన కుటుంబాల కష్టంలో వినోదమేమీ లేదు.

ఈ చర్చలకు మేత చాలాకాలం పేపరే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. ఆ తర్వాత కోస్తాలో గ్రంథాలయోద్యమం ఊరూరికీ పాకింది. 1930ల్లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలవల్లో పడవ మీద పుస్తకాలు పంపించారు. చదువొచ్చిన ఒకరు పైకి చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి వినడం, విన్నది ఒప్పుకోకపోవడం అక్కడ అలవాటైంది. 1974లో విశాఖపట్నంలో ‘ఈనాడు’, 2008లో ‘సాక్షి’ మొదలయ్యాయి. ఆ రెండోది వచ్చాక, చేతిలో ఏ పేపరుందో చూసి మనిషి పార్టీ చెప్పేయడం మామూలైపోయింది. తెలివైన టీ కొట్టు యజమాని రెండూ తెప్పిస్తాడు. జిల్లా పేజీలు విడదీసి ఒక బల్ల మీద, మెయిన్ పేజీలు ఇంకో బల్ల మీద పెడతాడు. పొద్దున్న ఎనిమిదయ్యేసరికి పేజీలన్నీ కలిసిపోతాయి.

అదే కొట్టు గోడ మీద ‘ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు’ అన్న బోర్డు కూడా ఉండొచ్చు. చిన్న హోటళ్ళలో, సెలూన్లలో ఈ బోర్డు చూడనివాళ్ళు తక్కువ. దాని వెనక వ్యాపార లెక్క ఉంది. ఒక్క టీ చెప్పి గంటసేపు బల్ల ఆక్రమించేవాళ్ళతో నష్టం, గొడవ ముదిరి గ్లాసులు పగిలితే ఇంకా నష్టం. అయినా మాటలు పూర్తిగా ఆగిపోతే ఆ కొట్టుకు ఎవరూ రారు. అందుకని బోర్డు అలాగే ఉంటుంది, దాని కిందే చర్చా నడుస్తుంది. గొంతులు మరీ లేచినప్పుడు మాత్రం యజమాని చెయ్యెత్తి బోర్డు చూపిస్తాడు.

ముఖ్యమంత్రి ఎవరవ్వాలన్నదాని మీద ఇలా సరదాగా కొట్టుకోవడం తేలిక. నాయకుడు దూరంగా ఉంటాడు, అతని చెవిన పడదు. పంచాయతీ ఎన్నికలొస్తే వేళాకోళం ఆగిపోతుంది. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరగాలి. తెలంగాణలో సర్పంచ్ అభ్యర్థులకు ఉంగరం, కత్తెర లాంటి గుర్తులిస్తారు. ఏ పార్టీ ‘బలపరిచిన’ అభ్యర్థో ఊరంతటికీ తెలుసు. అసలు ఇబ్బంది పార్టీతో కాదు. పోటీ చేసేది పెదనాన్న కొడుకు, ఎదిరించేది పక్కింటివాడు. ఓట్లు సమానమైతే లాటరీ తీయాల్సినంత దగ్గరి పోటీలుంటాయి. ఏ వీధికి సిమెంటు రోడ్డు వస్తుంది, పింఛను జాబితాలో ఎవరి పేరుంటుంది అన్నవి దానిమీదే ఆధారపడి ఉంటాయి. ఆ రోజుల్లో రెండు వర్గాలూ రెండు టీ కొట్లు పంచుకుంటాయి. మళ్ళీ కలిపేది తరచుగా ఒక చావు. చావుకు పిలుపు అక్కర్లేదు కాబట్టి అవతలివర్గం వాళ్ళు కూడా వస్తారు, పాడె మోస్తారు, అక్కడినుంచి మాటలు మెల్లగా మొదలవుతాయి.

ఇదంతా అందరికీ దొరికిన చనువు కాదని చెప్పకపోతే అబద్ధమవుతుంది. టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి చరిత్ర పుటల్లోది మాత్రమే కాదు, దాన్ని అనుభవించినవాళ్ళు మన మధ్య ఉన్నారు. 1985లో కారంచేడులో చెరువు నీళ్ళు మురికి చేయొద్దన్నందుకు మొదలైన గొడవ దళితుల ఊచకోత దాకా పోయింది. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగలడంతో రేగిన పగ ఎనిమిదిమంది దళితుల్ని బలి తీసుకుంది. తిరిగి మాట అనే వీలు అవతలివాడికి లేనిచోట పరిహాసం పుట్టదు. బల్ల మీద ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు పక్కన నిలబడి తాగి వెళ్ళిపోతున్నారు అన్నది చూడకుండా రచ్చబండను పొగడటం తప్పు.

ఆడవాళ్ళూ ఆ బల్ల దగ్గర కనబడరు. వాళ్ళ రాజకీయం బోరింగు దగ్గర, రేషన్ క్యూలో, పొదుపు సంఘం మీటింగులో నడుస్తుంది. దాన్ని తక్కువగా చూసినవాళ్ళకు నెల్లూరు జిల్లా దూబగుంట గట్టి జవాబు చెప్పింది. 1990ల మొదట్లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ సీతమ్మ కథ అనే పాఠం చదివిన ఆడవాళ్ళు, అది తమ కథేనని మాట్లాడుకున్నారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు ముందు నడవగా తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. తర్వాత 1997లో సడలించారు గానీ, ఊరి ఆడవాళ్ళ కబుర్లు ఒక రాష్ట్ర చట్టాన్ని కదిలించిన మాట వాస్తవం.

ఇప్పుడు ఊరి పేరుతో, పదో తరగతి బ్యాచ్ పేరుతో వాట్సాప్ గ్రూపులున్నాయి. వాటిలోనూ అడ్మిన్ పెట్టే మొదటి నియమం రాజకీయాలు పెట్టొద్దనే. బోర్డు మారలేదు, దాని కింద కూర్చునే మనుషులు మారారు. డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాడు ఊరి గ్రూపులో ఒక మాట విసిరి పడుకుంటాడు. మర్నాడు పొద్దున్న కాలవ గట్టు మీద ఎదురుపడాల్సిన పని అతనికి లేదు. నోటి మాట నవ్వుతో కరిగిపోతుంది, టైపు చేసింది స్క్రీన్‌షాట్ అయి మిగులుతుంది. బావ వరస అయినా ముఖంలో నవ్వు కనబడకపోతే అది తిట్టో ఎగతాళో తేల్చుకోలేం. అందుకే టీ కొట్టు దగ్గర పదేళ్ళు కలిసి కూర్చున్నవాళ్ళు గ్రూపులో ఒక్క ఫార్వర్డ్‌కు విడిపోతున్నారు.

ఊళ్ళో వాదన మరీ వేడెక్కితే పెద్దలు చేసే పని ఒకటుంది. పంట మాట ఎత్తుతారు. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం దాటిందని వెనక్కి పంపారా, గోనె సంచులొచ్చాయా, లారీ ఎప్పుడొస్తుంది? ఇది ఎవరి ప్రభుత్వం తప్పన్నదాని మీద ఇద్దరికీ పడదు. ధాన్యం మాత్రం ఇద్దరిదీ రోడ్డు మీదే ఉంటుంది, వానొచ్చేలోపు పరదా కప్పడానికి ఇద్దరూ లేస్తారు.